బద్ధకస్తుడి చేతికి మందుసీసా

కాంపౌండరమ్మ ఏ ఇంటికి వెళ్ళినా ముందు అక్వేరియం వైపు చూడదు. సోఫా వైపు చూస్తుంది. దాని మీద ఎవరు పడుకుని ఉన్నారో, పిలిస్తే ఎంతసేపటికి లేస్తారో గమనిస్తుంది. ఆ ఇంట్లో అందరికన్నా బద్ధకస్తులు ఎవరో తేలాకే చేతిసంచీ కింద పెడుతుంది. ఎందుకంటే మందుసీసా వాళ్ళ చేతికే ఇవ్వాలి.

ఇది ఆమె ఇరవై ఆరేళ్ళు ఆసుపత్రి మందుల కిటికీ వెనక నిలబడి నేర్చుకున్న సంగతి. బిడ్డకి మందు ఎక్కువైందని పరిగెత్తుకొచ్చిన వాళ్ళలో నిర్లక్ష్యం ఉన్నవాళ్ళు ఆమెకి పెద్దగా కనపడలేదు. అందరూ ప్రేమ ఉన్నవాళ్ళే. తల్లి ఒక చెంచా, అది తెలియని నాయనమ్మ ఇంకో చెంచా. "ప్రేమున్న చెయ్యి సీసాని కాస్త ఎక్కువే వంచుతుంది. బద్ధకమున్న చెయ్యి చెప్పినదానికి మించి ఒక్క చుక్క పొయ్యదు, పొయ్యాలంటే మళ్ళీ లేవాలి కదా" అంటుంది.

ఉద్యోగం నుంచి దిగి నాలుగేళ్ళయినా పేరు మాత్రం ఆమెని వదల్లేదు. మనిషి పొట్టి. కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేసుకుంటుంది. సంచీలో కొలిచే టేపు, థర్మామీటరు, సూది లేని రెండు సిరంజిలు, నీళ్ళని పరీక్షించే చుక్కల పెట్టె, తెల్ల ప్లాస్టర్ చుట్ట, ఒక పెన్సిలు ఉంటాయి. మందు మాత్రం ఉండదు. అది ఇంటివాళ్ళే ఆమె చెప్పాక కొనుక్కోవాలి. చాలా ఇళ్ళలో అప్పటికే కొనేసి, పోసేసి ఉంటారు.

చేపల వైద్యం ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆసుపత్రి హాల్లో రోగులు కూర్చునే చోట ఒక గాజు తొట్టి ఉండేది. ఒకసారి అందులో చేపలకి రెక్కలు చివికిపోతుంటే పారబోయమన్నారు. ఆమె తీసుకెళ్ళి మందుల గదిలో పెట్టింది. ఒక్కో చేప బరువెంతో అంచనా వేసి, మనుషులకి వేసినట్టే మోతాదు కట్టింది. నాలుగింటిలో మూడు పోయాయి. నాలుగోది తేలుతూ ఉండగా ఆమెకి అర్థమైంది, మనిషికి మందు మనిషిని బట్టి, చేపకి మందు నీళ్ళని బట్టి. ఆ నాలుగోది తర్వాత అయిదేళ్ళు బతికింది.

ఇది చెప్పేది ఆమె వెళ్ళిన ఒక ఇంటి గురించి. ఆమె పద్ధతి సరిగ్గా పనిచేసి, సరిగ్గా అందువల్లే దెబ్బతిన్న ఇల్లది.

గురువారం పదకొండు గంటలకి ఫోనొచ్చింది. రెండు వీధుల అవతల మూడో అంతస్తు. తలుపు తీసిన ఇల్లాలు ముప్పై దాటిన మనిషి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వెనకాల ఆమె అత్తగారు. సోఫాలో ఆమె తమ్ముడు, ఇరవై ఎనిమిదేళ్ళవాడు, దిండు పొట్ట మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. అక్క రెండుసార్లు పిలిస్తే ఒక కాలు కింద పెట్టాడు. మూడోసారికి రెండోది.

కాంపౌండరమ్మ సంచీ కింద పెట్టింది.

గోడ పొడవునా అయిదడుగుల అక్వేరియం. అందులో నీళ్ళు ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు, సిరాసీసా కడిగిన నీళ్ళలా ఉన్నాయి. మసకలో ఆరు పెద్ద చేపలు, ఒక్కోటి జానెడు పైనే. నారింజ రంగు ఒంటి మీద మూడేసి నల్ల పట్టీలు, మూతికి చిన్న మీసాలు. అన్నిటి మీదా ఉప్పురవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. ఒకటి అడుగున పక్కకి ఒరిగి పడి ఉంది.

"అది పోయిందండీ," అన్నాడు తమ్ముడు.

"పడుకుంది," అంది కాంపౌండరమ్మ. "ఈ జాతి ఇలాగే ఒరిగి పడుకుంటుంది. ఈ ఇంట్లో పడుకునేది నువ్వొక్కడివే అనుకున్నావా అబ్బాయ్?"

అత్తగారు నవ్వు ఆపుకుంది. కోడలికి నవ్వు రాలేదు.

"ఇవి మా ఆయనవండీ. పధ్నాలుగేళ్ళుగా పెంచుతున్నారు. మా పెళ్ళికన్నా ముందు నుంచి ఉన్నాయి. ఓడలో ఇంజన్ గదిలో పని. వచ్చే ఆదివారం కాదు, ఆపైది కూడా కాదు, ఆ తర్వాతి ఆదివారం వస్తున్నారు."

"ఆయనకి తెలుసా?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"బావ వచ్చేసరికి ఒక్కటి తగ్గినా ఈ ఇంట్లో నా మొహం చూపించలేనండీ," అన్నాడు తమ్ముడు. ఇప్పుడు పూర్తిగా లేచి నిలబడ్డాడు. "జబ్బు తెచ్చింది నేనే."

ఉద్యోగం మారే మధ్యలో నాలుగు నెలలుగా అక్క ఇంట్లో ఉంటున్నాడు. ఊరికే తిని కూర్చుంటున్నానన్న సిగ్గుతో, బావకి ఆశ్చర్యంగా ఉంటుందని అదే జాతి చిన్న చేపని షాపులో కొన్నాడు. ఇంటికి తెచ్చి సంచీ నీళ్ళతో సహా అక్వేరియంలో వదిలేశాడు. అయిదో రోజుకి చిన్నది పోయింది, ఆరింటికీ చుక్కలు వచ్చాయి.

"కొత్త చేపని నెల్లాళ్ళు వేరే టబ్బులో ఉంచాలి. వలా బకెట్టూ కూడా వేరే. సరే, అయిపోయింది. ఇప్పుడు మందు సంగతి చెప్పండి. ఎవరు పోశారు, ఎంత?"

"నేనే. పొద్దున ఒక మూత," అంది ఇల్లాలు.

"నేను సాయంత్రం ఒక మూత," అన్నాడు తమ్ముడు. అక్క అతని వైపు గిరుక్కున తిరిగింది.

"నువ్వెప్పుడు పోశావురా?"

"నువ్వు మర్చిపోయి ఉంటావనుకున్నా అక్కా."

అత్తగారు కిటికీ తెర సర్దుతోంది. సర్దడానికి అందులో ఏమీ లేదు.

"వదినగారూ, మీ వేళ్ళు నీలంగా ఉన్నాయేంటి?" అంది కాంపౌండరమ్మ.

ఆవిడ చెయ్యి కొంగులో దాచుకుంది. "మధ్యాహ్నం పూట నిద్ర పట్టక... పాపం వాటిని చూస్తే ఊరుకోబుద్ధి కాలేదు. ఒక మూతే."

"ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఈ మందు చర్మానికి మంచిది కాదు, వట్టి చేత్తో తాకకూడదు. తర్వాత మాట్లాడుకుందాం."

ఆమె టేపు తీసి గాజు లోపలి వైపు, నీళ్ళున్నంత మేరే కొలిచింది. కాగితం మీద గుణించింది. అడుగున గులకరాళ్ళకీ, పెద్ద దుంగకీ కొంత తీసేసింది.

"షాపులో ఎన్ని లీటర్లన్నారు?"

"అయిదువందల నలభై."

"అది ఖాళీ పెట్టె. ఇందులో ఉన్న నీళ్ళు మూడువందల అరవై. మీరు అయిదువందల నలభైకి సరిపడా మందు పోశారు, అదీ రోజుకి మూడుసార్లు. పైగా ఈ చేపలకి పొలుసు ఉండీ లేనట్టు ఉంటుంది. మందు తిన్నగా ఒంట్లోకి దిగిపోతుంది. సీసా మీద రాసినదాంట్లో వీటికి సగమే పొయ్యాలి." కళ్ళజోడు తీసింది. "జబ్బుతో పోవడానికి వీటికింకా టైముంది. మీ ముగ్గురి చేతుల్లో పోవడానికి మాత్రం రేపటిదాకా చాలు."

ఇల్లాలు కుర్చీలో కూలబడింది. కాంపౌండరమ్మకి ఓదార్చే అలవాటు లేదు. పని చెప్పే అలవాటుంది.

"అమ్మాయ్, లే. బకెట్లు తెండి."

ఆ పూట మందు ఊసెత్తలేదు. మూడో వంతు నీళ్ళు గొట్టంతో లాగేశారు, గులకరాళ్ళ అడుగు నుంచి. కొత్త నీళ్ళకి క్లోరిన్ విరిచే చుక్కలు కలిపి, పాత నీళ్ళంత వెచ్చగా ఉన్నాయో లేదో థర్మామీటరుతో చూసి, నెమ్మదిగా పోశారు. సాయంత్రం మళ్ళీ మూడో వంతు. ఎక్కువైన మందుని పీల్చడానికి ఫిల్టర్‌లో కొత్త బొగ్గు సంచీ పెట్టించింది. పక్కింట్లోంచి ఇంకో గాలి పంపు అడిగి తెప్పించింది. మందు పడ్డ నీళ్ళలోనూ వెచ్చటి నీళ్ళలోనూ చేపకి ఊపిరి చాలదంది. హీటర్‌ని ఒక్కసారిగా పెంచకుండా, రోజుకి ఒక డిగ్రీ చొప్పున ముప్పైదాకా తీసుకెళ్ళమంది. నీళ్ళని గాజు గొట్టంలో పరీక్షించి, రంగు కాస్త ఆకుపచ్చకి తిరిగింది, నీళ్ళలో మలినం పేరుకుందని రెండు రోజులు మేత ఆపించింది.

మర్నాడు సాయంత్రానికి నీళ్ళు తేటపడ్డాయి. అప్పుడు బొగ్గు సంచీ తీయించింది. "ఇది లోపలుంటే మీరు పోసే మందంతా ఇదే తాగేస్తుంది, చేపకి మిగలదు." సిరంజిలో సగం మోతాదు గీత దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టింది. గాజు మూలన ప్లాస్టర్ ముక్క అంటించి గళ్ళు గీసింది: రోజు విడిచి రోజు, ఏడింటికి. ముందు పావు వంతు నీళ్ళు మార్చాలి, తర్వాత మందు, ఆ తర్వాత టిక్కు.

"ఇక ఈ ఇంట్లో మందు చెయ్యి ఒక్కటే," అని సిరంజీ, గ్లౌజులూ తమ్ముడికి ఇచ్చింది.

"వీడికా!" అక్కా, అక్క అత్తగారూ ఒకేసారి అన్నారు.

"వీడు కాఫీ కప్పు కడగడానికి మూడు రోజులు ముహూర్తం చూస్తాడండీ," అంది అక్క.

"అందుకే వాడికి ఇస్తున్నా. నువ్వు పోసే అదనపు చుక్క వాడు పొయ్యడు. వదినగారూ, మీరు సీసా ఉన్న అల్మారా వైపు కూడా చూడకండి."

ఆవిడకి కోపం వచ్చింది. కొడుకు చేపలు, తన ఇల్లు, తనకే తాళం! ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. కాని అక్వేరియం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. చూడొద్దన్నది అల్మారాని కదా.

ఆ వారంలోనే వచ్చిన ఆదివారం ఓడ నుంచి ఫోనొచ్చే రోజు. ఆ ఇంటి అలవాటు ఒకటుంది. ఈ జాతి చేపలు హాయిగా మేత తింటున్నప్పుడు వేళ్ళు చిటికేసినట్టు టక్ టక్ మని శబ్దం చేస్తాయి. ప్రతి ఆదివారం ఆయన "ఏదీ, వినిపించు" అంటే ఇల్లాలు మేత వేసి ఫోన్ గాజుకి ఆనించి పెడుతుంది. ఇంజన్ శబ్దం విని ఎక్కడ మర వదులైందో చెప్పే మనిషికి ఆరు చేపల చప్పుడు వినడం వారానికి సరిపడా విశ్రాంతి. ఆ ఆదివారం చేపలు మేతే తినలేదు. ఇల్లాలు ఫోన్ ఆనించింది. పక్కన తమ్ముడు బాల్‌పెన్ను తీసి మీట నొక్కాడు. టక్. టక్ టక్.

"ఊఁ, బాగానే తింటున్నాయి," అన్నాడాయన.

ఫోన్ పెట్టేశాక ఇల్లాలు తమ్ముణ్ణి దిండుతో కొట్టింది. "సిగ్గులేదట్రా! ఆయనకి అబద్ధం చెప్పించావు నాతో."

"నువ్వేం మాట్లాడలేదుగా అక్కా. పెన్ను మాట్లాడింది."

సోమవారానికి చుక్కలు రాలిపోయాయి. ఆరు చేపలూ కడిగిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. ఇంట్లో పండగలా ఉంది. మంగళవారం ఏడింటికి మూడో మోతాదు. తమ్ముడు సోఫాలోంచి తల తిప్పి గాజు వైపు చూశాడు, ఒక్క చుక్క కూడా కనపడలేదు. తగ్గిపోయినదానికి మళ్ళీ బకెట్లు మొయ్యడం దేనికని దిండు సర్దుకున్నాడు. గడి ఖాళీగా ఉండిపోయింది. అల్మారా వైపు కూడా చూడొద్దన్నారు కాబట్టి అత్తగారు ఏమీ అడగలేదు. చెయ్యి ఒక్కటే అన్నారు కాబట్టి అక్కా ఊరుకుంది. కాంపౌండరమ్మ చెప్పిన పద్ధతిని ముగ్గురూ అక్షరాలా పాటించారు.

గురువారం మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్న అత్తగారికి ఒక చేప దుంగకి ఒళ్ళు రుద్దుకోవడం కనపడింది. దగ్గరికెళ్ళి కళ్ళు చికిలించి చూసింది. తోక దగ్గర మూడు తెల్ల చుక్కలు. ఆవిడ ఎవర్నీ పిలవలేదు. తిన్నగా ఫోన్ తీసి కాంపౌండరమ్మకి చేసింది.

"వదినగారూ, మీ బద్ధకం మందు వికటించింది. రండి."

కాంపౌండరమ్మ వచ్చి ప్లాస్టర్ ముక్క చూసింది. రెండు టిక్కులు, ఒక ఖాళీ గడి. తమ్ముడు గోడకి అతుక్కుని నిలబడ్డాడు.

"తగ్గిపోయిందనుకున్నానండీ. మచ్చలే లేవు కదా."

"మచ్చలు పోయిన రోజే అసలు మందు పనిచేసే రోజు," అందామె. "చేప ఒంటి మీదున్నంత సేపూ మచ్చలోని పురుక్కి మందు తగలదు. రాలి అడుక్కి దిగి, ఒకటి వందలయ్యి, మళ్ళీ చేపని వెతుక్కుంటూ నీళ్ళలో ఈదుతుందే, అప్పుడు దొరుకుతుంది. ఒళ్ళు శుభ్రంగా కనపడినప్పుడు నీళ్ళు నిండా అవే ఉన్నాయి. ఇది నీకు చెప్పాను."

"చెప్పారా?"

"చెప్పాను. నువ్వు ఫోన్ చూసుకుంటూ తలాడించావు." ఆమె కళ్ళజోడు తుడుచుకుంది. "తప్పు నీది కాదులే, నాదే. కోర్సు మధ్యలో ఆపొద్దని కిటికీలోంచి ఇరవై ఆరేళ్ళు అరిచినదాన్ని. ఎక్కువ పొయ్యనివాడెవడో వెతుక్కున్నా గాని, మధ్యలో ఆపేసేవాడు కూడా వాడేనని తట్టలేదు నాకు."

మాట తడబడకుండా అంది. నూనె సీసా కింద పడితే గుడ్డ ఎక్కడుందో అడిగినట్టే ఉంది. వెంటనే రోజులు లెక్కపెట్టింది. ఆదివారానికి పది రోజులు. ఈ రోజు, శని, సోమ, బుధ, శుక్ర: అయిదు మోతాదులు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి కాబట్టి పురుగు తొందరగానే తిరుగుతుంది. చివరి మచ్చ పోయాక కూడా ఇంకో రెండు మోతాదులు పడతాయి. సరిపోతుంది.

"సరిపోతుందా అండీ?" అంది ఇల్లాలు.

"సరిపోతుందనే కదా చెప్తున్నా."

"మరి సిరంజి నాకిస్తారా?"

"వాడికే. మోతాదు విషయంలో వాడు తప్పు చెయ్యలేదు, చూడు, గీత దాటలేదు." తర్వాత పెన్సిలు తీసి అత్తగారి చేతిలో పెట్టింది. "వదినగారూ, టిక్కు మీది. ఏడింటికి వాడు లేవకపోతే ఏం చేస్తారో మీ ఇష్టం. సీసా ముట్టుకోవడం ఒక్కటి తప్ప."

ఆవిడ పెన్సిలుని చెవి మీద పెట్టుకుంది. వారం రోజుల్లో మొదటిసారి మొహం విచ్చుకుంది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏడు గంటలు ఆరున్నరకే మొదలయ్యేది.

"అబ్బాయ్, బకెట్టు."

"ఇంకా అరగంట ఉంది అత్తయ్యా."

"నువ్వు లేవడానికి అరగంట. లే."

అతను లేచేవాడు. గ్లౌజులు తొడుక్కుని, నీళ్ళు లాగి, నింపి, సిరంజిని కంటి ఎదురుగా పెట్టుకుని గీత దగ్గర ఆపేవాడు. ఆవిడ చూసి టిక్కు పెట్టేది. శనివారం వంతు పనికి ఎవరూ పిలవకుండా తానే లేచాడు. ఆవిడకి అది నచ్చలేదు, పిలవడానికి ఏమీ మిగల్లేదని. రెండో ఆదివారం ఫోనొచ్చినప్పుడు మళ్ళీ పెన్నే మాట్లాడింది. సోమవారానికి చివరి చుక్క పోయింది. బుధవారం వేశారు. శుక్రవారం వేశారు. ఎవరూ తగ్గిపోయిందని అనలేదు.

శనివారం కాంపౌండరమ్మ వచ్చి నీళ్ళు పరీక్షించింది. గాజు గొట్టంలో రంగు పసుపుగానే నిలిచింది, మలినం లేదు. మిగిలిన మందు పీల్చడానికి బొగ్గు సంచీ మళ్ళీ పెట్టించి, హీటర్‌ని నెమ్మదిగా దించమని చెప్పింది. మందు సీసాకి మూత బిగించి, తేదీ రాసి, పై అరలో పెట్టించింది. ఈ అక్వేరియం బకెట్టుని ఇంకే పనికీ వాడొద్దంది. పోయేముందు నాలుగు మేత గుళికలు వేసింది. పెద్ద చేప మెల్లగా వచ్చి మీసాలతో తడిమి చూసింది.

టక్.

ఆమె సంచీ జిప్పు లాక్కుంది. "ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి. ప్లాస్టర్ ముక్క తియ్యకండి," అని మెట్లు దిగిపోయింది.

ఆదివారం ఇంటాయన వచ్చాడు. సంచీలు గుమ్మంలోనే వదిలేసి అక్వేరియం ముందు చతికిలబడ్డాడు. ముందు ఆరూ లెక్కపెట్టాడు. తర్వాత ప్లాస్టర్ ముక్క చదివాడు. రెండు టిక్కులు, ఒక ఖాళీ, అయిదు టిక్కులు. ఇల్లాలు చెప్పడం మొదలుపెట్టేలోపు తమ్ముడు ముందుకొచ్చాడు.

"బావా, కొత్త చేప తెచ్చి అందులో వేసింది నేను. ఆ ఖాళీ గడి కూడా నాదే."

ఆయన డబ్బాలోంచి మేత తీసి వేసి, చెవి గాజుకి ఆనించాడు. ఆరు చేపలూ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. టక్ టక్, టక్. చాలాసేపు విన్నాడు.

"ఇవి చేపలు," అన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "ఆ పెన్ను ఇలా ఇవ్వరా."

తమ్ముడు జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. "నీకు మొదటే తెలుసా బావా?"

"చేప నోట్లో స్ప్రింగు ఉండదు కదరా."

"మరి అడగలేదేం?" అంది ఇల్లాలు.

"అడిగితే మీరు చెప్పేస్తారు. సముద్రం మధ్యలో ఉండి నేనేం చెయ్యగలను? ఇంకా నలుగురి నిద్ర పాడవడం తప్ప." పెన్ను మీట ఒకసారి నొక్కి చూశాడు. "రెండో పంపు శబ్దం కూడా వినపడింది. గాలి పెంచాలని తెలిసిన మనిషెవరో ఇంటికొచ్చారని అర్థమైంది. ఇక ఊరుకున్నా."

ఇల్లాలు జరిగిందంతా చెప్పాక పెన్ను జేబులో పెట్టుకుని, పై అర మీదున్న సిరంజిని తీసి చూశాడు. పెన్సిలు గీత ఇంకా చెరగలేదు. దాన్ని మళ్ళీ బామ్మర్ది చేతికే ఇచ్చాడు.

"ఇది నీ దగ్గరే ఉంచు. అవసరం వస్తే మందు చెయ్యి నీదే."

"అవసరం రాదు బావా," అన్నాడు తమ్ముడు. "ఇక ఏ చేప వచ్చినా నెల్లాళ్ళు టబ్బులోనే."

"టబ్బు ఎవరు కడుగుతారు?" అంది అత్తగారు కుర్చీలోంచి. పెన్సిలు ఇంకా ఆవిడ చెవి మీదే ఉంది.